ఖనిజ సంపన్న ప్రోబయాటిక్‌లు – పెద్దపేగు క్యాన్సర్

సెలీనియం, జింక్ వంటి ఖనిజాలను తమ కణాల్లోకి తీసుకునేలా ప్రత్యేకంగా పెంచిన మేలు చేసే బ్యాక్టీరియాను ఖనిజ సంపన్న ప్రోబయాటిక్‌లు అంటారు. ఇవి పెద్దపేగు క్యాన్సర్ రాకుండా ఆపగలవా, వచ్చినవారికి కీమోథెరపీ బాధలను తగ్గించగలవా అన్న విషయంపై ప్రపంచంలో పలుచోట్ల పరిశోధన జరుగుతోంది. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నాయి. మనుషుల్లో మాత్రం ఇవి క్యాన్సర్‌ను అడ్డుకుంటాయని ఇంకా రుజువు కాలేదు.

ఈ పరిశోధనకు కావలసిన రెండు వనరులు, అంటే బ్యాక్టీరియాను పెద్ద ట్యాంకుల్లో పెంచే నైపుణ్యం, క్యాన్సర్ వైద్యం, రెండూ బెంగళూరు దక్షిణ శివారులోని హెబ్బగోడి, బొమ్మసంద్ర ప్రాంతంలో పక్కపక్కనే ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ప్రోబయాటిక్ ప్రభావాన్ని పరీక్షించిన తెలుగు నేల పరిశోధన హైదరాబాద్‌లో జరిగింది.

వ్యాధి స్వరూపం

పెద్దపేగులోనూ, దాని చివరి భాగమైన పురీషనాళంలోనూ వచ్చే క్యాన్సర్లను కలిపి కొలోరెక్టల్ క్యాన్సర్ అంటారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా కొత్త కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు నమోదయ్యాయి. కేసుల సంఖ్యలో ఇది మూడో స్థానంలో, మరణాల్లో రెండో స్థానంలో ఉంది. అదే ఏడాది భారత్‌లో కొత్త కేసులు సుమారు 70 వేలు. జనాభాతో పోల్చి చూస్తే యూరప్, ఉత్తర అమెరికాల కంటే ఇక్కడి రేటు చాలా తక్కువే. జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం మొదలైన తొలి మూడు నగరాల్లో బెంగళూరు ఒకటి. ముంబై, చెన్నైలతో పాటు ఇక్కడి కిద్వాయ్ స్మారక క్యాన్సర్ సంస్థలో 1982 నుంచి ఈ నమోదు సాగుతోంది.

ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న పిలకతో మొదలవుతుంది. దాన్ని పాలిప్ అంటారు. అమెరికా శాస్త్రవేత్తలు ఎరిక్ ఫియరన్, బెర్ట్ వోగెల్‌స్టీన్ 1990లో దీని క్రమాన్ని వివరించారు. ఏపీసీ, కేరాస్, పీ53 వంటి జన్యువులు ఒకటి తర్వాత ఒకటి దెబ్బతింటూ పోతే మామూలు కణం పాలిప్‌గా, పాలిప్ క్యాన్సర్‌గా మారుతుంది. దీనికి సాధారణంగా పదేళ్లు, కొందరిలో అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. వైద్యానికి దొరికే అవకాశం ఈ గడువే. కొలొనోస్కోపీ పరీక్షలో పాలిప్‌ను పట్టుకుని తీసేస్తే క్యాన్సర్ దాకా వెళ్లదు. ఆహారంతోనో, మందుతోనో ఆ క్రమాన్ని నెమ్మదింపజేయాలన్న ప్రయత్నాలన్నీ ఈ గడువు మీదే ఆధారపడ్డాయి. ఖనిజ సంపన్న ప్రోబయాటిక్‌లు ఆ ప్రయత్నాల్లో ఒకటి.

పేగులోని సూక్ష్మజీవుల పాత్ర

శరీరంలో బ్యాక్టీరియా అత్యధికంగా ఉండే చోటు పెద్దపేగు. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్, అసిటేట్, ప్రొపియనేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం బ్యూటిరేట్. అది వాపును తగ్గిస్తుంది, దెబ్బతిన్న కణాలు తమంతట తాము నశించేలా ప్రేరేపిస్తుంది.

అన్ని బ్యాక్టీరియా ఇలా మేలు చేయవు. పెద్దపేగు కణితుల్లో ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం అనే బ్యాక్టీరియా అసాధారణంగా ఎక్కువగా ఉందని 2011–12లో రెండు పరిశోధన బృందాలు విడివిడిగా గుర్తించాయి. సాధారణంగా అది నోటిలో, పంటి చిగుళ్ల దగ్గర ఉండేది. ఈ.కోలైలోని కొన్ని రకాలు కొలిబాక్టిన్ అనే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం డీఎన్‌ఏ మీద వదిలే ప్రత్యేకమైన ముద్ర పెద్దపేగు కణితుల్లో కనిపిస్తోందని 2020లో తేలింది. చిన్న వయసులో ఈ క్యాన్సర్ బారిన పడినవారిలో ఆ ముద్ర మరింత ఎక్కువగా ఉందని 2025లో అంతర్జాతీయ అధ్యయనం ఒకటి వెల్లడించింది. చెడు చేసే బ్యాక్టీరియా ఉన్నప్పుడు మంచి బ్యాక్టీరియాతో పేగు వాతావరణాన్ని మార్చవచ్చన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది.

ప్రోబయాటిక్ భావన ఎలా వచ్చింది

రష్యా సామ్రాజ్యంలో పుట్టి పారిస్‌లో పనిచేసిన ఇలియా మెచ్నికోవ్ 20వ శతాబ్ది తొలి దశకంలో పెరుగులోని బ్యాక్టీరియాకు, దీర్ఘాయువుకు సంబంధం ఉందని వాదించారు. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో పేగులో బతకగల లాక్టోబాసిల్లస్ రకాన్ని వేరుచేశారు. 1935లో యాకుల్ట్ పానీయం దాంతోనే మార్కెట్లోకి వచ్చింది. తగిన పరిమాణంలో తీసుకున్నప్పుడు తీసుకున్నవారి ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్‌లు అని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో నిర్వచించాయి. ఈ నిర్వచనంలో "తగిన పరిమాణం", "సజీవ" అన్న రెండు షరతులూ కీలకం. ఇంట్లో తోడు వేసిన పెరుగులో మేలు చేసే బ్యాక్టీరియా ఉన్నా, ఏ రకం ఎంత ఉందో తెలియదు కాబట్టి శాస్త్రీయంగా దాన్ని ప్రోబయాటిక్ ఉత్పత్తిగా లెక్కించరు.

పేర్ల విషయంలో పాఠకులు గమనించాల్సింది ఒకటుంది. లాక్టోబాసిల్లస్ అనే పెద్ద ప్రజాతిని 2020లో శాస్త్రవేత్తలు అనేక చిన్న ప్రజాతులుగా విడదీశారు. పాత పరిశోధనల్లోని లాక్టోబాసిల్లస్ ప్లాంటారం ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారం అయింది. లాక్టోబాసిల్లస్ కేసీ ఇప్పుడు లాక్టికేసిబాసిల్లస్ కేసీ. మందుల షాపుల్లో, పాత వ్యాసాల్లో మాత్రం పాత పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి.

ఖనిజం ఎందుకు

సెలీనియాన్ని 1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ కనుగొన్నారు. చాలాకాలం దాన్ని విషంగానే చూశారు. 1957లో క్లాస్ ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ అతి సూక్ష్మ పరిమాణంలో అది అవసరమైన పోషకమని చూపారు. నేలల్లో సెలీనియం బాగా తక్కువగా ఉన్న చైనా ప్రాంతాల్లో గుండె కండరాన్ని దెబ్బతీసే కేషాన్ వ్యాధి వచ్చేది. సెలీనియం ఇచ్చాక అది బాగా తగ్గింది. మన శరీరంలో సెలీనియం సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లంగా మారి కొన్ని ప్రోటీన్లలో చేరుతుంది. మనుషుల్లో అలాంటి ప్రోటీన్లను తయారు చేసే జన్యువులు 25 ఉన్నాయి. వాటిలో గ్లుటాథయాన్ పెరాక్సిడేజ్ కుటుంబం ముఖ్యమైనది. కణాలను దెబ్బతీసే ఆక్సీకరణ పదార్థాలను ఈ ఎంజైములు తటస్థం చేస్తాయి. ఆ కుటుంబంలోని రెండో రకం ప్రధానంగా జీర్ణనాళం గోడల్లోనే ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్ పరిశోధకులు సెలీనియం వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

జింక్ పేగు గోడలోని కణాల మధ్య అతుకులను గట్టిగా ఉంచుతుంది, కణ విభజనను క్రమబద్ధం చేసే అనేక ఎంజైములకు అవసరం. ఇనుము కథ వేరు. పేగులో మిగిలిపోయే ఇనుము, ముఖ్యంగా మాంసంలోని హీమ్ ఇనుము, గోడలను ఒరిపిడికి గురిచేస్తుందన్న అనుమానాలున్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటిలో, ఎర్ర మాంసాన్ని కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న వాటిలో చేర్చింది. అందుకే ఈ రంగంలో ఖనిజం అన్నప్పుడు ప్రధానంగా సెలీనియం, ఆ తర్వాత జింక్ గురించే మాట్లాడతారు.

బ్యాక్టీరియాలోకి ఖనిజం చేర్చే విధానం

లాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియాను ప్రయోగశాలలో సాధారణంగా ఎమ్‌ఆర్‌ఎస్ అనే ద్రవంలో పెంచుతారు. 1960లో డి మాన్, రొగోసా, షార్ప్ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ ద్రవంలో గ్లూకోజ్, పెప్టోన్, ఈస్ట్ సారంతో పాటు మెగ్నీషియం సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్ కూడా ఉంటాయి. మాంగనీస్ ఎందుకంటే, లాక్టోబాసిల్లస్ ప్లాంటారం ఇనుము లేకుండా బతకగలదు, దానికి బదులు మాంగనీస్‌ను కణంలో పెద్ద మొత్తంలో కూడబెట్టుకుంటుంది. ఖనిజాలను పీల్చుకునే సహజ గుణం దీనికి ముందే ఉందన్నమాట.

సెలీనియం చేర్చాలంటే ఈ ద్రవంలో కొద్దిపాటి సోడియం సెలెనైట్ కలుపుతారు. రంగులేని ఆ లవణం మోతాదు ఎక్కువైతే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తక్కువైతే చేరాల్సిన సెలీనియం చేరదు. అందుకే మోతాదు నెమ్మదిగా పెంచుతూ తట్టుకోగల రకాన్ని ఎంచుకుంటారు. 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి గడిచేసరికి తెల్లగా మసకబారిన ద్రవం క్రమంగా ఇటుక రంగు ఎరుపుకు తిరుగుతుంది. కణాలు సెలెనైట్‌ను మూలక సెలీనియంగా మార్చి, నానోమీటర్లలో కొలిచే గుండ్రటి రేణువులుగా కూర్చినందువల్ల వచ్చిన రంగు అది. మిగిలిన సెలీనియంలో కొంత అమైనో ఆమ్లాల రూపంలో కణం ప్రోటీన్లలో కలుస్తుంది. పెరుగు తయారీలో వాడే లాక్టోబాసిల్లస్ బల్గారికస్ సెలెనైట్‌ను సెలీనోసిస్టీన్‌గా మార్చగలదని 1990ల మధ్యలో బెల్జియం పరిశోధకులు చూపారు.

తర్వాత కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేసి, పూర్తిగా లోపలికి చేరని సెలెనైట్ పోయేలా కడిగి, గడ్డకట్టించి నీటిని ఆవిరి చేసే పద్ధతిలో పొడిగా మారుస్తారు. కడగడం నామమాత్రంగా జరిగితే పొడిలో విషపూరితమైన సెలెనైట్ మిగిలిపోతుంది. ఒక గ్రాములో ఎన్ని సజీవ కణాలున్నాయి, ఎన్ని మైక్రోగ్రాముల సెలీనియం ఉంది, అందులో సెలెనైట్ శాతం ఎంత అనే మూడు అంకెలూ ప్రతి బ్యాచ్‌కూ కొలవాలి. ఒకదాన్ని సరిచూసి మిగతావి వదిలేస్తే ఉత్పత్తిని నమ్మడానికి లేదు.

జంతువుల మేతలో వాడే సెలీనియం ఈస్ట్ ఇలాంటి ఉత్పత్తికి ముందునుంచీ ఉన్న ఉదాహరణ. ఈస్ట్ సెలీనియాన్ని ఎక్కువగా సెలీనోమిథియోనిన్ రూపంలో దాచుకుంటుంది, అది సెలెనైట్ కంటే సురక్షితం. ప్రోబయాటిక్ బ్యాక్టీరియా విషయంలో అదనంగా ఆశించేదేమంటే, అది పేగు దాకా సజీవంగా చేరి అక్కడే ఖనిజాన్ని విడుదల చేయడం.

పనిచేసే తీరు

వీటి ప్రభావాన్ని పరిశోధకులు నాలుగు మార్గాల్లో వివరిస్తారు. మొదటిది, బ్యాక్టీరియా తయారు చేసే లాక్టిక్ ఆమ్లం, ఇతర పదార్థాలు పేగు ఆమ్లత్వాన్ని మార్చి చెడు బ్యాక్టీరియాకు చోటు తగ్గించడం. రెండోది, సెలీనియం ఎంజైములు ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించి డీఎన్‌ఏ దెబ్బతినకుండా కాపాడటం. మూడోది, సెలీనియం రేణువులు క్యాన్సర్ కణంలోపల ఆక్సీకరణ ఒత్తిడిని పెంచి కణ ఆత్మహత్యకు దారితీయడం. ఒకే మూలకం మామూలు కణానికి రక్షణ, క్యాన్సర్ కణానికి ముప్పు ఎలా అవుతుందన్న ప్రశ్నకు సమాధానం మోతాదులో, రూపంలో ఉంది. క్యాన్సర్ కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి ముందే ఎక్కువ కాబట్టి అదనపు ఒత్తిడిని అవి తట్టుకోలేవు. నాలుగోది, రోగనిరోధక కణాలను చురుకు చేయడం.

కణాలు, ఎలుకల మీద పరీక్షలు

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, నగరానికి చెందిన ప్రోబయాటిక్ సంస్థ యూనిక్ బయోటెక్ కలిసి బాసిల్లస్ కోయాగులన్స్ యూనిక్ ఐఎస్-2 అనే రకంతో చేసిన పరిశోధన 2017లో ప్రచురితమైంది. మనిషి పెద్దపేగు క్యాన్సర్ కణాలైన కోలో 205 మీద ఈ బ్యాక్టీరియాను, అది పెరిగిన ద్రవాన్ని ప్రయోగించగా కణాల పెరుగుదల తగ్గి, అపోప్టోసిస్ అనే కణ ఆత్మహత్య లక్షణాలు కనిపించాయి. వేడితో చంపిన కణాలను, సజీవ కణాలను వేర్వేరుగా పరీక్షించడం, క్యాన్సర్ కాని కణాలతో పోల్చి చూడటం ఈ పరిశోధనలో మెచ్చుకోదగినవి. ఇందులో ఖనిజం కలపలేదు. ఖనిజం చేర్చిన రకాలను పోల్చి చూడటానికి తెలుగు నేల మీద ఇదొక తగిన ఆధారం.

ఖనిజంతో చేసిన పరిశోధనల్లో గ్రీస్‌లోని డెమోక్రిటస్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించినది ప్రధానమైనది. లాక్టోబాసిల్లస్ కేసీ తయారు చేసిన సెలీనియం రేణువులు పెద్దపేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపాయి. ఆ రేణువులతో కూడిన బ్యాక్టీరియాను నోటి ద్వారా ఇచ్చిన ఎలుకల్లో, పెద్దపేగు కణితుల పరిమాణం చెప్పుకోదగ్గంతగా తగ్గింది. ఇరాన్‌లో టెహ్రాన్ పరిశోధకులు 2012లో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు సెలీనియం రేణువులతో లాక్టోబాసిల్లస్ ప్లాంటారం ఇచ్చి, కణితిని ఎదుర్కొనే రోగనిరోధక స్పందన పెరగడాన్ని గమనించారు. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఇరినోటెకాన్ మందు తీవ్రమైన విరేచనాలు తెస్తుంది. షాంఘై బృందం సెలీనియం చేర్చిన బైఫిడోబాక్టీరియం లాంగమ్ డీడీ98 ఇచ్చిన ఎలుకల్లో ఈ మందు కలిగించే పేగు గాయాలు తగ్గినట్టు 2021లో చూపింది.

వీటిని బేరీజు వేసేటప్పుడు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. కణాల పాత్రలో వేసే సెలీనియం గాఢత రక్తంలోకి లేదా పేగు పొరలోకి చేరే మోతాదుతో సరిపోలాలని లేదు. ఎలుకకు చర్మం కింద అంటించిన కణితి, మనిషికి పదేళ్లు పట్టి పెరిగే కణితి ఒకటి కావు.

మనుషుల్లో జరిగిన పరీక్షలు

సెలీనియంతో క్యాన్సర్ తగ్గవచ్చన్న ఆశను బలపరిచింది లారీ క్లార్క్ నాయకత్వంలో అమెరికాలో జరిగిన పరీక్ష. చర్మ క్యాన్సర్ వచ్చిన 1,312 మందికి సెలీనియం ఈస్ట్ లేదా ఉత్త మాత్ర ఇచ్చారు. ఈస్ట్ మోతాదు రోజుకు 200 మైక్రోగ్రాములు. ఫలితాలు 1996లో వచ్చాయి. చర్మ క్యాన్సర్ తగ్గలేదు కానీ పెద్దపేగు క్యాన్సర్ కేసులు సెలీనియం తీసుకున్నవారిలో 8, తీసుకోనివారిలో 19 నమోదయ్యాయి. సంఖ్యలు చిన్నవి కాబట్టి యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కావచ్చన్న అనుమానం మిగిలింది. తర్వాత ప్రధానంగా ప్రోస్టేట్ క్యాన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని 35,533 మంది పురుషులతో సెలెక్ట్ అనే పెద్ద పరీక్షను 2001లో మొదలుపెట్టారు. ప్రయోజనం కనిపించక 2008లో మాత్రలు ఆపించారు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ తేడా రాలేదు. క్లార్క్ పరీక్షలో పాల్గొన్నవారి సమాచారాన్ని తర్వాత మళ్లీ విశ్లేషించగా, సెలీనియం తీసుకున్నవారిలో మధుమేహం ఎక్కువగా కనిపించింది. పాలిప్‌లు తీయించుకున్నవారికి సెలీనియం ఇచ్చి చూసిన పరీక్ష 2016లో వెలువడినప్పుడు కూడా కొత్త పాలిప్‌లు మొత్తంగా తగ్గలేదు.

ఈ ఫలితాలకు శాస్త్రవేత్తలు చెప్పే వివరణ ఒకటుంది. శరీరంలో సెలీనియం ముందే సరిపడా ఉన్నవారికి మరింత ఇస్తే లాభం ఉండదు. తక్కువగా ఉన్నవారికి ఉండవచ్చు. యూరప్‌లో 2015లో వచ్చిన పరిశీలనా అధ్యయనంలో రక్తంలో సెలీనియం ఎక్కువున్న వారిలో, ముఖ్యంగా స్త్రీలలో, పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించింది. యూరప్ నేలల్లో సెలీనియం తక్కువ కావడం దీనికి ఒక కారణం అనుకోవచ్చు.

ఖనిజం లేని ప్రోబయాటిక్‌ల మీద జరిగిన పరీక్షల్లో కొంత మెరుగైన సూచనలున్నాయి. జపాన్‌లో పాలిప్‌లు తీయించుకున్న 398 మందితో నాలుగేళ్లు సాగిన పరీక్ష 2005లో ప్రచురితమైంది. లాక్టోబాసిల్లస్ కేసీ తీసుకున్నవారిలో మళ్లీ వచ్చిన పాలిప్‌ల సంఖ్య తగ్గలేదు. వాటిలో ప్రమాదకరమైన మార్పులున్నవి మాత్రం తక్కువగా ఉన్నాయి. ఇటలీలో 45,241 మందిని 12 ఏళ్లు గమనించి 2011లో వెలువరించిన అధ్యయనంలో పెరుగు ఎక్కువ తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించింది. పెరుగు తినేవారు ఇతర ఆహార అలవాట్లలోనూ భిన్నంగా ఉండవచ్చు గనుక అది కారణమని చెప్పడానికి సరిపోదు.

మన దేశంలో పెద్ద స్థాయి ప్రోబయాటిక్ పరీక్ష ఒడిశాలో జరిగింది. 4,556 మంది నవజాత శిశువుల్లో లాక్టోబాసిల్లస్ ప్లాంటారం, పీచు మిశ్రమం ఇస్తే రక్త సంక్రమణం లేదా మరణం 40 శాతం తగ్గినట్టు 2017లో తేలింది. క్యాన్సర్‌తో దీనికి నేరుగా సంబంధం లేదు. ఒక రకం, ఒక మోతాదు, ఒక రోగం అని స్పష్టంగా నిర్ణయించుకుంటే ప్రోబయాటిక్‌ల ప్రభావాన్ని ఖచ్చితంగా తేల్చవచ్చని అది నిరూపించింది.

హెబ్బగోడి నేపథ్యం

హెబ్బగోడి బెంగళూరు నగర జిల్లా, ఆనేకల్ తాలూకాలో హోసూరు రోడ్డు మీద ఉంది. హోసూరు, ఆనేకల్ పరిసరాల్లో కన్నడ, తమిళం, తెలుగు కలిసి వినిపిస్తాయి. ఈ దారిలోనే బయోకాన్ సంస్థ ఉంది. 1978లో కిరణ్ మజుందార్ బెంగళూరులో పది వేల రూపాయల పెట్టుబడితో దీన్ని మొదలుపెట్టినప్పుడు బొప్పాయి పాల నుంచి పపైన్ ఎంజైమును, చేపల గాలితిత్తుల నుంచి బీరును తేటపరిచే పదార్థాన్ని తయారు చేసేవారు. సూక్ష్మజీవులతో ఎంజైములు తయారు చేసే పని అక్కడి నుంచి విస్తరించింది. 2007లో ఎంజైముల వ్యాపారాన్ని డెన్మార్క్ సంస్థ నోవోజైమ్స్‌కు అమ్మి, ఇన్సులిన్ వంటి జీవ ఔషధాల మీద దృష్టి పెట్టింది. 2017లో ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్ మందుకు జీవ సమానమైన క్రాబెవాను భారత్‌లో విడుదల చేసింది. 2025 ఆగస్టులో ప్రారంభమైన బెంగళూరు మెట్రో పసుపు మార్గంలో బయోకాన్ పేరుతో హెబ్బగోడి స్టేషన్ ఉంది. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఈ మార్గం పొడవు సుమారు 19 కిలోమీటర్లు.

పక్కనే బొమ్మసంద్రలో 2009లో వచ్చిన మజుందార్ షా క్యాన్సర్ కేంద్రం, నారాయణ ఆసుపత్రుల సముదాయంలో భాగం. అదే పారిశ్రామికవాడలోని ఆంథెమ్ బయోసైన్సెస్ ఫెర్మెంటేషన్‌తో ప్రోబయాటిక్‌లు, ఎంజైములు తయారు చేస్తుంది. నగరానికి మరో వైపు పీణ్యాలోని సామి ల్యాబ్స్ బాసిల్లస్ కోయాగులన్స్‌తో పాటు సేంద్రియ సెలీనియం ముడిసరుకును కూడా ఉత్పత్తి చేసింది. ఖనిజం, బ్యాక్టీరియా రెండింటినీ తయారు చేసే సామర్థ్యం బెంగళూరులో ఉన్నట్టే. లేనిది, వాటిని ఒకే ఉత్పత్తిగా పెద్దపేగు క్యాన్సర్ రోగులపై పరీక్షించిన ఆధారం.

తెలుగు రాష్ట్రాల్లో ప్రోబయాటిక్ అంటే పాత తరానికి తెలిసింది స్పోర్‌లాక్ మాత్ర. యాంటీబయాటిక్‌తో పాటు వైద్యులు రాసే ఆ మాత్రలోనూ బాసిల్లస్ కోయాగులన్సే ఉంటుంది. గింజలాంటి దట్టమైన కవచం ఉన్నందువల్ల ఇది వేడిని, జీర్ణాశయ ఆమ్లాన్ని తట్టుకుంటుంది. అందుకే ఖనిజాలను పేగు దాకా మోసుకెళ్లడానికి అనువైన వాహకంగా దీనిని పరిశీలించవచ్చు. సెలీనియం ఎంత అవసరమన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిధిలోని అంశం. పెద్దలకు రోజుకు 40 మైక్రోగ్రాములని ఆ సంస్థ సిఫారసు చేసింది.

భద్రత, పరిమితులు

సెలీనియం అవసరానికి, విషానికి మధ్య ఉన్న దూరం చాలా తక్కువ. అమెరికాలో గరిష్ఠ పరిమితి రోజుకు 400 మైక్రోగ్రాములు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 255కు తగ్గించింది. పంజాబ్‌లోని నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో నేలలో సెలీనియం ఎక్కువగా ఉండటంతో పశువుల గిట్టలు, కొమ్ములు దెబ్బతినడం, మనుషుల్లో జుట్టు, గోళ్లు ఊడటం చూశారు. అమెరికాలో 2008లో ఒక సప్లిమెంట్ తయారీలో లోపం జరిగి లేబుల్‌లో రాసిన దానికంటే 200 రెట్ల సెలీనియం చేరింది. 201 మంది విషప్రభావానికి గురయ్యారు. ఒక గ్రాము పొడిలో వెయ్యి మైక్రోగ్రాముల సెలీనియం ఉందనుకుంటే, పావు గ్రాముకు మించిన మోతాదు యూరప్ పరిమితిని తాకినట్టే. పంజాబ్ గోధుమలు, సముద్రపు చేపలు తినేవారికి ఆహారంతోనే సెలీనియం చేరుతుంది కాబట్టి అందరికీ ఒకే మోతాదు సరిపోదు.

బ్యాక్టీరియాతో వచ్చే ప్రమాదం వేరు. కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయినవారిలో, రక్తనాళంలో క్యాథెటర్ ఉన్నవారిలో మేలు చేసే లాక్టోబాసిల్లస్ కూడా రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. చర్మ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ తీసుకున్నవారిని గమనించిన 2021 అధ్యయనంలో, పీచు తగినంత తిని ప్రోబయాటిక్ మాత్రలు వాడనివారికే చికిత్స ఎక్కువగా పనిచేసింది. క్యాన్సర్ రోగులు తోచిన మాత్ర కొనుక్కుని వేసుకోకూడదనడానికి ఇది బలమైన హెచ్చరిక.

చట్టం, ప్రమాణాలు

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2011లో ఆహారంలో వాడే ప్రోబయాటిక్‌ల మూల్యాంకనానికి మార్గదర్శకాలు విడుదల చేశాయి. రకాన్ని జన్యుస్థాయిలో గుర్తించడం, భద్రత పరీక్షించడం, మనుషుల్లో ప్రయోజనం చూపడం అందులోని ముఖ్య షరతులు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016 నిబంధనల ప్రకారం సిఫారసు చేసిన రోజువారీ మోతాదులో కనీసం పది కోట్ల సజీవ కణాలుండాలి. ఖనిజం కలిపిన ఉత్పత్తికి ఖనిజ పరిమితులు కూడా వర్తిస్తాయి. ఆహార ఉత్పత్తి తయారుచేసేవారు క్యాన్సర్ నయం చేస్తుందని ప్రకటించుకోవడానికి వీల్లేదు. రోగం నయం చేస్తుందనడం మందుల చట్టం పరిధిలోకి వస్తుంది.

ప్రస్తుత స్థితి

ఖనిజ సంపన్న ప్రోబయాటిక్‌ల సిద్ధాంతం బలమైనదే. ఖనిజం, బ్యాక్టీరియా రెండూ విడివిడిగా మనుషుల్లో పరీక్షకు నిలబడ్డ చరిత్ర మిశ్రమంగా ఉంది. సెలీనియం పెద్ద పరీక్షల్లో విఫలమైంది, ప్రోబయాటిక్ మధ్యంతర సూచనలే ఇచ్చింది. కలిపితే పని జరుగుతుందా అన్నది తేలాలంటే, ముందుగా సెలీనియం తక్కువున్నవారిని రక్తపరీక్షతో గుర్తించి, పాలిప్ తీయించుకున్నవారితో చాలా ఏళ్లు సాగే పరీక్ష చేయాలి. కొలొనోస్కోపీలో తీసిన పాలిప్‌ల సంఖ్యే కాక, వాటిలోని ప్రమాదకర మార్పులను కూడా కొలవాలి.

అప్పటిదాకా పెద్దపేగు క్యాన్సర్ నుంచి కాపాడుకునే మార్గాలు పాతవే. పీచు ఎక్కువున్న ఆహారం, పొగాకు, మద్యం మానడం, శరీరానికి శ్రమ, ప్రాసెస్ చేసిన మాంసం తగ్గించడం. భారత ప్రభుత్వ జనాభా స్థాయి స్క్రీనింగ్ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరిమితం, పెద్దపేగుకు లేదు. అమెరికాలో 45 ఏళ్ల నుంచే పరీక్ష సిఫారసు చేస్తారు. మలంలో రక్తం కనిపించినా, కారణం తెలియని రక్తహీనత వచ్చినా, మలవిసర్జన తీరు కొన్ని వారాలుగా మారినా, ఇంట్లో దగ్గరి బంధువుకు ఈ క్యాన్సర్ ఉన్నా మాత్రల దుకాణానికి కాకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.